రిసార్ట్ గేటు దాటితే సేఫేనా? అసలు ఆ గేటు ఎవరు పెట్టారు? జమైకా కథ

అమెరికాలో ఉన్న మనవాళ్లు క్రిస్మస్ సెలవులకో, పెళ్లైన కొత్తలోనో కరీబియన్ దీవులకు వెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. టికెట్ బుక్ చేసే ముందు అందరూ గూగుల్‌లో కొట్టే ప్రశ్న ఒకటే. రిసార్ట్ బయటికి వెళ్తే సేఫేనా? జమైకా అయితే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుంది. ట్రావెల్ వీడియోలు చూస్తే ఒకాయన "గేటు దాటితే అంతే సంగతులు" అంటాడు. ఇంకొకాయన చేతిలో కొబ్బరిబోండాం పట్టుకుని "ఏం భయం లేదు బ్రో" అంటాడు. నాకైతే దానికంటే ముందు ఇంకో డౌట్ వచ్చింది. అసలు ఆ గేటు ఎప్పుడు పెట్టారు? ఎవరిని ఆపడానికి పెట్టారు? అది తవ్వుకుంటూ వెళ్తే సేఫ్టీ ప్రశ్నకు జవాబు కూడా దారిలోనే దొరికింది.

జమైకా టూరిజం మొదలైంది అరటిపళ్ల ఓడలతో. జోక్ కాదు. 19వ శతాబ్దం చివర్లో లోరెంజో డౌ బేకర్ అనే అమెరికన్ కెప్టెన్ జమైకా అరటిగెలల్ని బోస్టన్‌కి తీసుకెళ్లి అమ్మేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఓడ ఖాళీ. ఖాళీగా ఎందుకు రావాలని, చలికి వణికే అమెరికన్లను ఎక్కించుకుని రావడం మొదలైంది. పోర్ట్ ఆంటోనియో అనే ఊళ్లో హోటల్ వ్యాపారం అలా ఊపందుకుంది. 1890లో హోటళ్లు కట్టేవాళ్లకు సాయం చేసే చట్టం కూడా వచ్చింది.

ఇక్కడ ఒక్క లెక్క వేసుకోండి. జమైకాలో బానిసత్వం పూర్తిగా పోయింది 1838లో. అంటే ఆ తొలి హోటళ్లలో దొరలకు కాఫీ అందించినవాళ్లలో చాలామంది అమ్మానాన్నలు, తాతలు చెరకు తోటల్లో బానిసలుగా పుట్టినవాళ్లే. బానిసల్ని వదిలేసినందుకు బ్రిటిష్ ప్రభుత్వం తన సామ్రాజ్యంలోని యజమానులకు 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారం ఇచ్చింది. యజమానులకు అండీ! విడుదలైనవాళ్లకు ఒక్క పైసా రాలేదు, సెంటు భూమి రాలేదు. సముద్రం ఒడ్డున ఉన్న మంచి భూములన్నీ పాత ఎస్టేట్ల చేతుల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు మాంటిగో బే చుట్టుపక్కల రిసార్ట్‌లు, గోల్ఫ్ కోర్సుల పేర్లు చూడండి. రోజ్ హాల్, ట్రయాల్... ఇవన్నీ ఒకప్పటి చెరకు ఎస్టేట్ల పేర్లే.

మధ్యలో మనవాళ్ల సంగతి ఒకటి. బానిసలు పోయాక తోటలకు కూలీలు కావాలి కదా, 1845 మే నెలలో బ్లండెల్ హంటర్ అనే ఓడలో ఇండియా నుంచి మొదటి బ్యాచ్ దిగింది. ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు. మన తెలుగు కూలీలు ఎక్కువగా వెళ్లింది మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా వైపు. జమైకాలో ఇవాళ్టికీ వాడే "గాంజా" అనే మాట ఈ కూలీలతో పాటు వెళ్లిందే. దాని గురించి చివర్లో ఒక ముఖ్యమైన విషయం చెప్తాను, అది సేఫ్టీకి సంబంధించిందే.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. కింగ్‌స్టన్‌లో మర్టిల్ బ్యాంక్ అని పెద్ద హోటల్ ఉండేది. దాని స్విమ్మింగ్ పూల్ తెల్లవాళ్లకే. బోర్డు పెట్టి ఉంటుందని కాదు, అందరికీ తెలిసిన రూలు అది. 1948లో ఇవాన్ బ్లేక్ అనే నల్లజాతి జర్నలిస్టు నేరుగా వెళ్లి ఆ పూల్‌లో దూకేశాడు. జనం బిత్తరపోయి చూస్తున్నారు, ఈయన ఈదుతున్నాడు. ఆయన వెళ్లిపోయాక హోటల్ వాళ్లు ఏం చేశారో తెలుసా? పూల్‌లో నీళ్లన్నీ తోడేశారు. సో, అప్పుడు గోడ ఉన్నది టూరిస్టుల ప్రాణం కాపాడటానికి కాదు. ఆ దేశపు మనిషి లోపలికి రాకుండా ఉండటానికి.

1956లో బీచ్ కంట్రోల్ యాక్ట్ వచ్చింది. అప్పటికి ఇంకా బ్రిటిష్ పాలనే. ఆ చట్టం ప్రకారం సముద్ర తీరం, తీరాన్ని ఆనుకున్న సముద్రం అడుగు భాగం మీద హక్కు ప్రభుత్వానిది. ఎవరైనా ఎక్కడైనా బీచ్‌కి వెళ్లి స్నానం చేసే సాధారణ హక్కు ప్రజలకు లేదు. లైసెన్స్ ఉన్న హోటల్ తన బీచ్‌ని మూసుకోవచ్చు. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, జెండా మారింది, ఈ చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. అదే కరీబియన్‌లో బార్బడోస్ చూడండి, అక్కడ బీచ్‌లన్నీ పబ్లిక్. అన్ని దీవులనీ ఒకే గాటన కట్టకూడదు అనేది అందుకే.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1963 ఏప్రిల్‌లో, మాంటిగో బే పక్కన కోరల్ గార్డెన్స్‌లో పెద్ద ఘోరం జరిగింది. కొంతమంది గడ్డాలవాళ్లు, రాస్తఫారీలు, ఒక పెట్రోల్ బంకు మీద దాడి చేశారు. ఆ గొడవలో ఇద్దరు పోలీసులతో సహా 8 మంది చనిపోయారు. మనకు న్యూస్‌లో వచ్చేది ఇంతవరకే. దాని వెనకాల ఉన్నదేంటంటే, ఆ చుట్టుపక్కల కొండల్లో చిన్న చిన్న మడులు సాగు చేసుకునే రాస్తాలు రోజ్ హాల్ భూముల మీదుగా నడిచి వెళ్లేవాళ్లు. ఆ భూములకు టూరిజం గిరాకీ వస్తున్న కాలం. నడవొద్దన్నారు. తగాదాలు, కాల్పులు, జైలు... ఏళ్ల తరబడి నలిగి నలిగి ఆ రోజు పేలింది. తర్వాత పోలీసులు పశ్చిమ జమైకా అంతా ఏ సంబంధం లేని రాస్తాలను పట్టుకెళ్లి కొట్టారు, జుట్టు కత్తిరించారు. 2017లో ప్రధాని ఆండ్రూ హోల్‌నెస్ దీనికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 54 ఏళ్ల తర్వాత! ఇప్పుడు జడలు, ఎరుపు పసుపు ఆకుపచ్చ టోపీలు ఎయిర్‌పోర్ట్‌లో సావనీర్లుగా అమ్ముతున్నారు. నాకైతే ఇది మింగుడుపడదు.

అయితే మనం ఇప్పుడు చూస్తున్న రిసార్ట్, అంటే చేతికి బ్యాండ్ కట్టి, తిండి, తాగుడు, ఆట అన్నీ లోపలే అనే మోడల్, 1970లలో వచ్చింది. ఆ పదేళ్లు జమైకాకి భయంకరమైన కాలం. మైకేల్ మాన్లీ 1972లో ప్రధాని అయ్యాడు. సోషలిజం అన్నాడు, క్యూబాతో స్నేహం అన్నాడు. అమెరికాకి మండింది. ఇంకోవైపు ఆయిల్ రేట్లు పెరిగి ఎకానమీ కుదేలైంది. కింగ్‌స్టన్‌లో రెండు పార్టీలూ పేదల బస్తీల్ని పంచేసుకున్నాయి. ఈ బస్తీకి ఇళ్లు, ఉద్యోగాలు మా పార్టీ ఇస్తుంది, ఓట్లన్నీ మాకే, అవతలి పార్టీ వాడు అడుగుపెడితే తుపాకీ. వీటినే గారిసన్లు అంటారు. ఎడ్వర్డ్ సియాగా 1960లలో మంత్రిగా ఉండి, బ్యాక్ ఓ వాల్ అనే మురికివాడని బుల్డోజర్లతో లేపేసి కట్టించిన టివోలీ గార్డెన్స్ దీనికి పేరుమోసిన ఉదాహరణ.

1976 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టారు. అదే ఏడాది డిసెంబర్ 3న బాబ్ మార్లీని ఆయన ఇంట్లోనే కాల్చారు. ఆయన బతికి, రెండు రోజుల తర్వాత స్టేజీ ఎక్కి పాడాడు. 1980 ఎన్నికల ఏడాదిలో 800 మందికి పైగా చనిపోయారు. ఇవన్నీ అమెరికా పేపర్లలో వస్తుంటే టూరిస్టులు ఎవరొస్తారు? హోటళ్లు మూతపడే స్థితి, కొన్నింటిని ప్రభుత్వమే తీసుకోవాల్సి వచ్చింది.

అప్పుడు జాన్ ఇస్సా అనే హోటల్ యజమాని, ఫ్రాన్స్ వాళ్ల క్లబ్ మెడ్ ఐడియాని జమైకాకి తగ్గట్టు మార్చాడు. 1976లో నెగ్రిల్‌లో ఒకటి, 1978లో ఓచో రియోస్ దగ్గర జంటల కోసం "కపుల్స్". 1981లో బుచ్ స్టీవర్ట్ వచ్చాడు. ఈయన ఏసీలు, ఫ్రిజ్‌లు అమ్మే వ్యాపారి. మాంటిగో బేలో పాడుబడ్డ బే రాక్ హోటల్ కొని 99 గదులతో సాండల్స్ మొదలుపెట్టాడు. కస్టమర్‌కి వీళ్లు ఇచ్చిన మాట సింపుల్. మీరు పర్సు తీయక్కర్లేదు, బయటికీ వెళ్లక్కర్లేదు.

నేను వీళ్లను విలన్లు అనను. ఆ రోజుల్లో అలా చేయకపోతే వేలమంది ఉద్యోగాలు పోయేవి. కానీ బిజినెస్ కోణంలో ఒకటి గమనించండి. గేటు బయట భయం ఎంత ఉంటే గేటు లోపల అంత లాభం. 1980 తర్వాత ఎన్నికల గొడవలు తగ్గాయి, గేట్లు మాత్రం తగ్గలేదు. ఊళ్లోని చిన్న హోటల్, టాక్సీ నడిపేవాడు, బొమ్మలు చెక్కి అమ్మేవాడు, వీళ్లందరికీ టూరిస్టు కనబడటం మానేశాడు. కనబడిన ఒకరిద్దరి వెంట పదిమంది పడతారు. ఆ వెంటపడటం చూసి టూరిస్టు ఇంకా భయపడి లోపలికి పోతాడు. కోడ్ రాసేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది, ఇన్ఫినిట్ లూప్.

మరి నేరాలు అబద్ధమా? కాదు. 2017లో దేశంలో 1,600కు పైగా హత్యలు జరిగాయి. జనాభా ఎంత? దాదాపు 28 లక్షలు, అంతే. మాంటిగో బే ఉన్న సెయింట్ జేమ్స్ జిల్లా ఒక్కదాంట్లోనే 335. అమెరికా ముసలివాళ్లకు ఫోన్లు చేసి లాటరీ తగిలిందని మోసం చేసే ముఠాలు, ఆ డబ్బు కోసం కొట్టుకునే గ్యాంగులు... 2018 జనవరిలో ఆ జిల్లాలో ఎమర్జెన్సీ పెట్టి ఏడాది పాటు సైన్యాన్ని దింపారు. బ్రిటన్ తన టూరిస్టులకు రిసార్ట్‌లోనే ఉండండి అని చెప్పింది కూడా. కానీ చనిపోయినవాళ్లు ఎవరు? దాదాపు అందరూ అక్కడివాళ్లే, ఎక్కువగా పేద బస్తీల కుర్రాళ్లు. లక్షల్లో వచ్చే టూరిస్టుల్లో హత్యకు గురయ్యేవాళ్లు చాలా చాలా అరుదు. మన రూమ్ సర్దే అమ్మాయి డ్యూటీ అయ్యాక ఇంటికెళ్లేది ఆ బస్తీకే. రాత్రి ఆమె సేఫేనా అని మాత్రం మనం గూగుల్ చేయం.

2025 నాటికి సీన్ చాలా మారింది. ఆ ఏడాది హత్యలు 700 లోపుకి పడిపోయాయి, 30 ఏళ్లలో అంత తక్కువ లేదు. 2025 మేలో అమెరికా కూడా తన హెచ్చరికని లెవెల్ 3 నుంచి 2కి దించింది. ఇంకో మాట, అమెరికా అడ్వైజరీల్లో లైంగిక దాడులు రిసార్ట్‌ల లోపల కూడా జరుగుతున్నాయని స్పష్టంగా రాశారు. గేటు ఉంది కదా అని లోపల గ్లాసు వదిలేసి తిరగొద్దు.

సో, బయటికి వెళ్లొచ్చా? నా సమాధానం, పగలు వెళ్లండి, తెలిసి వెళ్లండి. టాక్సీ ఎక్కితే ఎర్ర నంబర్ ప్లేటు ఉందో లేదో చూసుకోండి, లైసెన్స్ ఉన్నవాటికే అది ఉంటుంది. రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి. ఎదురైన మనిషికి ముందు గుడ్ మార్నింగ్ చెప్పండి, అక్కడ అది చెప్పకపోతే పొగరు అనుకుంటారు. అమ్మడానికి వచ్చినవాడికి నవ్వుతూ వద్దని చెప్తే చాలు, మొహం తిప్పుకోవద్దు. రాత్రి తెలియని వీధుల్లో నడక వద్దు. టివోలీ లాంటి బస్తీలకు ఎవరూ లేకుండా "రియల్ జమైకా" వ్లాగ్ తీయడానికి అస్సలు వెళ్లొద్దు. 2010లో అక్కడ ఒక డాన్‌ని పట్టుకోవడానికి సైన్యం దిగితే 70 మందికి పైగా చనిపోయారు, అది కంటెంట్ కాదు.

కారు అద్దెకు తీసుకునే అమెరికా తెలుగువాళ్లూ, అక్కడ మన ఇండియాలో లాగా ఎడమవైపు డ్రైవింగ్. మీకు కుడివైపు అలవాటైపోయి ఉంటుంది. రోడ్డు ప్రమాదాల్లో ఏటా 300 మందికి పైగా పోయే దేశం అది. నిజం చెప్పాలంటే మీరు భయపడాల్సింది తుపాకీ కంటే మలుపులకి. ఇక గాంజా. 2015 నుంచి 2 ఔన్సుల లోపు ఉంటే జైలు లేదు, ఫైన్ మాత్రమే. దాన్ని బ్యాగులో వేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే మాత్రం క్రైమే.

మాంటిగో బేలో హిప్ స్ట్రిప్ దాటి కొంచెం ముందుకెళ్తే శామ్ షార్ప్ స్క్వేర్ వస్తుంది. 1831 క్రిస్మస్ రోజుల్లో దాదాపు 60 వేల మంది బానిసలు తిరగబడ్డారు, నాయకుడు శామ్ షార్ప్. 1832 మే 23న ఆయన్ని ఆ ఊళ్లోనే ఉరి తీశారు. ఆ తర్వాత రెండేళ్లకే బానిసత్వం రద్దు మొదలైంది. పక్కనే పారిపోయిన బానిసల్ని బంధించిన 1806 నాటి చిన్న జైలు ఉంది, పేరు "ది కేజ్". గంటన్నరలో చూసి రావచ్చు. కింగ్‌స్టన్ అక్కడి నుంచి సుమారు 170 కిలోమీటర్లు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు సబీనా పార్క్ మిస్ అవ్వొద్దు, మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి 2019లో మొదటి టెస్టు సెంచరీ కొట్టింది అక్కడే.

ఆ 1956 చట్టం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మామీ బే లాంటి చోట్ల తరతరాలుగా చేపలు పట్టుకున్న, ఈత కొట్టిన ఊళ్లవాళ్లకు దారి మూసేశారని 2021 నుంచి ఒక ఉద్యమం నడుస్తోంది, కేసులు కోర్టుల దాకా వెళ్లాయి. వాళ్లు అడుగుతున్నది కూడా మనం అడిగే ప్రశ్నే, కాకపోతే గేటు అవతలి వైపు నుంచి. మమ్మల్ని లోపలికి ఎప్పుడు రానిస్తారు అని.

సరే అండీ, వచ్చే ఎపిసోడ్‌లో హైతీ. ఉంటాను మరి.