లేదనుటయు, ఎఱుగననుటయు

మన బోరబండ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, లోకుల నోట తఱచుగా కలిసిపోవు రెండు మాటలను వేఱు చేసి చూపవలెనని నా కోరిక. అవి నాస్తికత్వము, అజ్ఞేయవాదము. దేవుడు లేడనువాడు నాస్తికుడు. ఉన్నాడో లేడో తెలియదనియు, తెలియుట మనుష్యశక్తికి మించినదనియు అనువాడు అజ్ఞేయవాది. మనము ఈ ఇరువురిని ఒకే గాటను కట్టి "నాస్తికులు" అని త్రోసివేయుచున్నాము.

లెక్కలు వ్రాయువానికి ఈ భేదము సులభముగా బోధపడును. పహాణీలో ఒక గడియందు సున్న వేయుట వేఱు, ఆ గడిని ఖాళీగా ఉంచుట వేఱు. చేను చూచి, పంట లేదని తెలిసికొనినవాడు సున్న వేయును. చేనికి ఇంకను పోనివాడు గడిని విడిచిపెట్టవలెను. చూడని చేనికి సున్న వేసినను, పంట కలదని వ్రాసినను రైతునకు అన్యాయమే.

ఈ వివేకము మనకు సీమనుండి వచ్చినది కాదు. బౌద్ధుల దీఘనికాయమునందలి సామఞ్ఞఫల సుత్తమున మగధరాజగు అజాతశత్రువు, తాను పలువురు ఆచార్యులను ప్రశ్నించిన వృత్తాంతమును బుద్ధునకు విన్నవించును. వారిలో అజిత కేశకంబలుడు పరలోకము లేదనియు, దేహముతోనే సర్వము ముగియుననియు నిశ్చయించి పలికెను. సంజయ బేలట్ఠిపుత్తుడు కలదనియు అనలేదు, లేదనియు అనలేదు. రాజునకు ఆ జవాబు రుచింపలేదు. అయినను గ్రంథమున ఆ ఇరువురి మతములు వేర్వేరుగానే నిలిచినవి. బుద్ధుని అగ్రశిష్యులైన శారిపుత్ర మౌద్గల్యాయనులు తొలుత ఈ సంజయుని శిష్యులే యని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి.

"నాస్తిక" శబ్దమును సాధించిన పాణిని దేవుని పేరెత్తలేదు. పరలోకము లేదనువాడని వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. మనుస్మృతి వేదనిందకుని నాస్తికుడనెను. కావుననే సృష్టికర్తయగు ఈశ్వరుని అంగీకరింపని సాంఖ్యులును, మీమాంసకులును ఆస్తికులలోనే గణింపబడిరి. మాట ఒకటే, అర్థము మాత్రము కాలక్రమమున మాఱినది.

ఇంగ్లండున థామస్ హక్స్‌లీ 1869లో "అగ్నాస్టిక్" అను పదమును కల్పించెను. తగిన నిదర్శనము లేనిదానిని తెలిసినదని చెప్పరాదనుట ఆయన నియమము. తెలుగున దానికి అజ్ఞేయవాది యను పేరు స్థిరపడినది.

తెలుగునాట నాస్తికత్వమును బాహాటముగా ఆచరించి చూపినవారు గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975). వారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు తరలినది. "తెలియదు" అని ఊరకుండుట వారి మార్గము కాదు. దైవముపై భారము వేయుట మానిననే మనుష్యుడు తన బాధ్యతను తాను వహించునని వారి వాదము. ఆ నిశ్చయముతోనే అస్పృశ్యతను ఎదిరించి సహపంక్తి భోజనములు నడపిరి. దేవుని నమ్మిన గాంధీజీ వారితో చర్చించెనేకాని వారిని వెలివేయలేదు. గోరాగారి కుమార్తెకు, అస్పృశ్యులుగా ఎంచబడిన కులమున పుట్టిన యువకునకు సేవాగ్రామమున పెండ్లి జరుపుటకు సమ్మతించి, ప్రమాణమున దేవుని పేరునకు మాఱుగా సత్యము పేరు చెప్పుటకు ఒప్పుకొనెను. గాంధీజీ మరణానంతరము 1948లో ఆ పెండ్లి అచ్చటనే జరిగెను.

నేను దైవమును నమ్మినవాడను. అయినను పేరు తప్పు పెట్టి వాదించుట నాకు సమ్మతము కాదు. లేదనువానిని కారణమడుగవలెను. తెలియదనువానిని, వెదకి ఆగితివా, వెదకకయే ఆగితివా అని అడుగవలెను. కలదనెడి నావంటివానిని సైతము అట్లే అడుగవలెను. "నాకు తెలియదు" అని నిజము చెప్పిన బాలుని నాస్తికుడవని గద్దించినచో, వాడు భక్తి నేర్వడు, అబద్ధమాడుట నేర్చును.

అట్టి బాలుడు నిర్భయముగా వచ్చి కూర్చుండి, మూడు పక్షముల గ్రంథములను తానే చదివి తేల్చుకొనదగిన చోటు గ్రంథాలయము. మన గ్రంథాలయము చిరకాలము అట్టి చోటై వర్ధిల్లుగాక.