చలికాలంలో వైట్ మౌంటెన్స్ ఎక్కేవారికి

బోస్టన్ నుంచి న్యూహ్యాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌కి చలికాలంలో వెళ్ళాలనుకునే మిత్రులు నన్ను ముందుగా అడిగేది చలి ఎంత ఉంటుందని. నేను మాత్రం గాలి ఎంత ఉందో చూసుకోమంటాను. 6,288 అడుగుల మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్ 12న గంటకి 231 మైళ్ళ గాలి నమోదైంది. 2023 ఫిబ్రవరిలో అక్కడి విండ్ చిల్ మైనస్ 108 ఫారెన్‌హీట్. చెట్లున్నంత మేర గాలి తెలియదు. చెట్లు అయిపోగానే ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. శిఖరం మీది అబ్జర్వేటరీ రోజూ వాతావరణ సూచన ఇస్తుంది, అది చూడకుండా బయల్దేరకండి.

ఇక దారి సంగతి. నలుగురూ నడిచి గట్టిపడిన మంచు మధ్యలో సన్నటి గట్టులా ఉంటుంది. పక్కకి అడుగేస్తే తొడల దాకా దిగబడతారు. స్ప్రూస్ చెట్లు మంచులో కప్పడిపోయిన చోట మరీను, కొమ్మల కింద అంతా బోలు. మెత్తటి మంచుకి స్నోషూస్ తప్పనిసరి. గట్టి మంచుకి మైక్రోస్పైక్స్ చాలు. నిటారు ఐసు వాలుకి అవి చాలవు, క్రాంపాన్స్, ఐస్ యాక్స్ వాడటం వచ్చుండాలి.

జీన్స్, కాటన్ బనీన్లు వద్దు, చెమటకి తడిస్తే ఆరవు. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు. (పులిహోర రాయైపోతుంది, వేరుశనగ చిక్కీ నయం!)

మొదటిసారికి 1819 నాటి క్రాఫర్డ్ పాత్ మీదుగా మౌంట్ పియర్స్ మంచిది, దాదాపు పైదాకా చెట్ల చాటే. డిసెంబరులో నాలుగుంబావుకే పొద్దుగూకుతుంది. హెడ్‌ల్యాంప్ ఉన్నా సరే, నేనైతే ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతాను.