గృహవిద్య: నాటి తీరు, నేటి తెలివి



బిడ్డను బడికి పంపక యింటనే చదివింపవచ్చునా యని కొందఱు తల్లిదండ్రులు నేడు తలపోయుచున్నారు. ఇది క్రొత్త యాలోచన యని వారును, వారిని ఆక్షేపించువారును గూడ తలంచుచున్నారు. నిజమున కిది మన దేశమున మిక్కిలి ప్రాతది. ఆ చదువు ఎట్లు సాగెనో, దానివలన మేలు పొందినవా రెవరో, పొందనివా రెవరో తెలిసికొనుట ఇప్పటి తల్లిదండ్రులకు ఉపకరించును.

చెన్నపురి రాజధానికి గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్లను దేశీయవిద్యనుగూర్చి లెక్కలు పంపుడని కోరెను. వచ్చిన లెక్కలను పరిశీలించి 1826 మార్చి 10వ తేదీన తన యభిప్రాయమును వ్రాసెను. రాజధాని జనసంఖ్య 1,28,50,941, పాఠశాలలు 12,498, విద్యార్థులు 1,88,650. అనగా ఇంచుమించుగా వేయిమంది కొక బడి. కాని ఆ లెక్కలలో నొక వింత కలదు. చెన్నపట్టణమున బడులలో చదువువారికంటె ఇండ్లలో చదువువారు అయిదురెట్లకు మించి, 26,000 మందికి పైగా ఉన్నట్లు తేలెను. ఈ సంఖ్యలో ఏదో పొరపా టుండవచ్చునని మన్రోయే సందేహించెను. అయినను బంధువులవద్దనో, ప్రత్యేకముగా పెట్టుకొన్న యుపాధ్యాయునివద్దనో ఇంటనే చదువుకొనుట దేశమున నెచ్చటను అరుదు కాదని ఆయన యంగీకరించెను. తక్కిన జిల్లాలనుండి ఇంటిచదువుల లెక్కలు రాలేదు. కావున బడుల సంఖ్యను మాత్రమే చూచి ఆనాటి విద్యను కొలువరాదు. గృహవిద్య చాలవఱకు లెక్క కెక్కని విద్య.

ఆ చదువు తీరు ఎట్టిది? బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక దీనిని కొంత తెలుపును. ఈయన తెలుగు నేర్చి, 1816లో తెలుగువ్యాకరణమును ప్రకటించినవాడు. నేటి అనంతపురపు సీమ అప్పుడు బళ్ళారిజిల్లాలోనిదే. ఆ జిల్లాలోని 533 బడులలో తెలుగుబడులు 226. అయిదవయేట అక్షరాభ్యాసము, బియ్యములో దేవతానామము వ్రాయుట, పిదప ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, అటుపిమ్మట తాటియాకు, గంటము, కడితము. ఖర్చు స్వల్పము. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠము చెప్పుదురు. చెప్పుటవలన తమ చదువు స్థిరపడును. ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండువారు దీని ననుకరించుట తగినదే యనెను.

ఉదయము బడికి మొదట వచ్చిన బాలుని యరచేత సరస్వతీనామము వ్రాయుదురట. రెండవవానికి సున్న. మూడవవానికొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు వరుసగా హెచ్చుచుండును. ఉత్సాహము కలిగించుటయు, భయపెట్టుటయు ఒకే గడపవద్ద నిలిచియుండెను. నేడు ఇంట చదివించువారు మొదటి దానిని గైకొని తక్కినదానిని విడువవచ్చును.

క్యాంబెల్ లోపమునుగూడ దాచలేదు. వాడుకభాషకు దూరమైన పద్యములను బాలురు అర్థము తెలియకయే వల్లించుచుండిరని వ్రాసెను. వల్లెవేయుటవలన జ్ఞాపకశక్తి పెరుగును గాని, అర్థములేని వల్లె చిలుకపలుకే. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చయి తెలుగిండ్ల నిండిన పెద్దబాలశిక్ష ఈ లోటును కొంత తీర్చెను. అక్షరములు, గుణింతములు, ఎక్కములు, సంవత్సరముల పేళ్ళు, నీతివాక్యములు ఒక్క పుస్తకమున నుండుటచే, గురువు దొరకని యింట తల్లియైనను తాతయైనను దానిని ముందుంచుకొని పాఠము చెప్పగలిగిరి.

ఇక ఈ కథలోని రెండవ పార్శ్వమును చూడవలెను. బళ్ళారిజిల్లా బడులలోని 6,641 మంది విద్యార్థులలో హిందూబాలికలు 60 మంది మాత్రమే. అక్షరమెఱిగిన యిండ్లలోనే ఇంటిచదువు సాధ్యము. పొలముపనివాని బిడ్డకు, తరతరములుగా చదువు నిషేధింపబడిన కులముల బిడ్డకు ఇంట నేర్పువా రెవరు? గృహవిద్యను పొగడువారు ఈ ప్రశ్నను మఱువరాదు. 2009 నాటి చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల బిడ్డలకు చదువును హక్కుగా చేసినదన్న, అక్షరమెఱుగని యింటి బిడ్డకే దాని యవసరము మిక్కుటము.

అయినను బడితలుపు మూసియున్నచోట ఇల్లే తలుపు తెఱచిన సందర్భములు గలవు. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. బాల్యముననే వివాహమయ్యెను, బడి కేగు యవకాశము లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆమెయు అతనితోపాటు ఇంటనే తెలుగు, హిందీ నేర్చిరి. ఆ చదువు నాలుగు గోడల నడుమ నిలువలేదు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువడెను. 1902లో 'ధనత్రయోదశి' కథ వచ్చెను. ఊరూర తిరిగి స్త్రీసమాజములకు ప్రోత్సాహ మిచ్చిరి. 1905లో ఆమె గతించిరి. అనంతరము 1906లో తమ్ముడు విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి, చరిత్ర, శాస్త్రవిషయములను తెలుగుపుస్తకములుగా ఇండ్లకు చేర్చెను. అక్కకును తమ్మునికిని ఒక్కింట జరిగిన చదువు ఎన్ని యిండ్ల గడప దాటెనో చూడుడు!

దీనినుండి నేటి తల్లిదండ్రులు గ్రహింపదగిన దేమి? బడిని తెచ్చి యింట నిలుపుట గృహవిద్య కాదు. గంటకొక పాఠము, వారమున కొక పరీక్ష పెట్టినచో తల్లి అలసిపోవును, బిడ్డ విసిగిపోవును. నియతమైన యొక వేళ చాలును. పెద్దబిడ్డచేత చిన్నబిడ్డకు పాఠము చెప్పింపుడు. పద్యము నేర్పినపుడు అర్థమును వాడుకమాటలలో చెప్పింపుడు. అంగడిసరకుల లెక్కను బిడ్డచేతనే వేయింపుడు. గ్రంథాలయమునకు తోడ్కొని పొండు. తోడిపిల్లల సాంగత్యము లేని చదువు ఒంటికాలి నడక. కావున ఇరుగుపొరుగు బిడ్డలనుగూడ ఆ చాపమీద కూర్చుండనిండు. పరీక్షలనుగూర్చి చింతించువారికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ కలదు. బడికి పోనివారును దానిద్వారా పదవతరగతి, పండ్రెండవతరగతి పరీక్షలకు కూర్చుండవచ్చును.

మన్రో లెక్కలలో ఇంటిచదువులకు సరియైన స్థానము దొరకలేదు. ఏ చదువునకైనను లెక్కలకంటె మేలైన కొలబద్ద యొకటి కలదు: ఆ యింట వెలిగించిన దీపపు వెలుగు వీధిలో నెంతదూరము పడినదని చూచుట.