సెట్టింగుల పేజీకి తారీఖు లేదు

వర్డ్‌ప్రెస్‌లో ఒక టపా రాసి పదిసార్లు దిద్దారనుకోండి, పది ప్రతులూ దాచిపెడుతుంది. ఒక్క అక్షరదోషం సరిచేసినా సరే, ఏ రోజు ఎన్నింటికి ఎవరు దిద్దారో చూపిస్తుంది. అదే వర్డ్‌ప్రెస్‌లో ఏదో ఒక ప్లగిన్ సెట్టింగుల పేజీకి వెళ్ళి, పన్ను శాతం 12 ఉన్నచోట 18 కొట్టి సేవ్ చెయ్యండి. 12 పోయింది. ఎప్పుడు పోయింది, ఎవరు పోగొట్టారు అని అడిగితే సమాధానం లేదు. కవిత్వం భద్రం, డబ్బు లెక్క మాత్రం గాలికి :)

ఇదెందుకిలా ఉందా అని పాత వెర్షన్ల కోడు తవ్వుకుంటూ పోయాను. ఆబిడ్స్‌లో ఒక రెడీమేడ్ బట్టల కొట్టు వాళ్ళ ఆన్‌లైన్ అమ్మకాలకి పన్ను లెక్కగట్టే ప్లగిన్ ఒకటి రాయాల్సొచ్చింది లెండి, అందుకని. తవ్వేకొద్దీ తెలిసిందేంటంటే, ఇది ఎవరో ఒకరు చేసిన పొరపాటు కాదు. పుట్టుకతో వచ్చింది.

వర్డ్‌ప్రెస్ తొలి వెర్షను 0.7 వచ్చింది 2003 మే 27న. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ ఇద్దరూ కలిసి, మిషెల్ వాల్‌డ్రిగీ రాసిన బీ2 అనే పాత బ్లాగు సాఫ్ట్‌వేరు మీద కట్టారు. ఆ బీ2లో చాలా సెట్టింగులు ఒక పీహెచ్‌పీ ఫైల్లో ఉండేవి. ఎఫ్‌టీపీతో దించుకోవడం, నోట్‌ప్యాడ్‌లో తెరవడం, మార్చడం, మళ్ళీ ఎక్కించడం. ఒక సెమికోలన్ తప్పితే సైటంతా తెల్లకాగితం. ఘోరంగానే ఉండేది, కాదనను. కానీ ఒక్క సుఖం ఉంది. ఎవరైనా కాస్త భయస్తుడైతే మార్చేముందు పాత ఫైలుకి వేరే పేరు పెట్టి ఓ పక్కన దాచుకునేవాడు. ఫైలు కాబట్టి దానికి తారీఖు కూడా ఉండేది.

తర్వాత సెట్టింగులన్నీ డేటాబేసులో ఆప్షన్స్ టేబుల్‌కి చేరాయి. ఆ టేబుల్ పాత రూపం చూస్తే భలే ముచ్చటేస్తుంది. ఆప్షన్ పేరు, విలువ సరే. వాటితో పాటు ఆ ఆప్షన్ కోసం ఫారంలో గియ్యాల్సిన పెట్టె వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, దాని వివరణ ఏమిటి, ఏ స్థాయి వాడుకరి దాన్ని ముట్టుకోవచ్చు, ఇవన్నీ కూడా కాలమ్‌లే! అంటే సెట్టింగుల పేజీ ఎలా కనబడాలో ఆ టేబులే చెప్పేదన్నమాట. ఇన్ని ఆలోచించినవాళ్ళు తేదీకి మాత్రం ఒక కాలమ్ పెట్టలేదు. కాలక్రమంలో వెడల్పులూ ఎత్తులూ కొట్టుకుపోయి ఇప్పుడు నాలుగే మిగిలాయి: వరుస సంఖ్య, పేరు, విలువ, ప్రతి పేజీకీ ముందే చదివి ఉంచుకోవాలా వద్దా అనే గుర్తు. తేదీ కాలమ్ ఈనాటికీ లేదు.

2004 మే నాటి 1.2తో ప్లగిన్లు వచ్చాయి. మరుసటేడు 1.5 వచ్చాక ప్లగిన్ రాసేవాడు అడ్మిన్ మెనూలో తన సొంత పేజీ తగిలించుకునే వీలు కలిగింది. ఆ రోజుల్లో రాసిన ప్లగిన్లలో అనుమతి చోట 8 అని అంకె కనబడుతుంది. వాడుకరులకి 0 నుంచి 10 దాకా మెట్లుండేవి మరి. 2005 డిసెంబరులో 2.0 ఆ మెట్లు తీసేసి పాత్రలూ అధికారాలూ అని పెట్టినా, ఆ 8 మాత్రం ఏళ్ళ తరబడి కాపీ పేస్టుల్లో బతికింది. మన ఆఫీసు ఫారాల్లో ఎవరికీ అక్కర్లేని గళ్ళు ఉంటాయే, అలాగ.

పేజీ గియ్యడం మొరటు పని. ఫారం హెచ్‌టీఎంఎల్ చేత్తో రాసుకోవడం, పోస్టులో వచ్చినదాన్ని తీసుకెళ్ళి అలాగే డేటాబేసులో కుక్కడం. మీరు అడ్మిన్‌గా లాగిన్ అయి ఉండగా వేరే ట్యాబులో ఎవడో దుర్మార్గుడి పేజీ తెరిస్తే, ఆ పేజీ మీ పేరుతో మీ సెట్టింగులు మార్చేసేది. దానికి విరుగుడుగా 2006లో నాన్స్ వచ్చింది, అంటే ఈ ఫారం మన సైటే ఇచ్చింది అని ఋజువు చేసే చిన్న టోకెను.

తెలుగువాళ్ళకి ఇంకో యాతన. పీహెచ్‌పీ 5.4 (2012) రాకముందు హెచ్‌టీఎంఎల్ ఎంటిటీస్ అనే ఫంక్షను, మనం చెప్పకపోతే, వచ్చిన అక్షరాలన్నీ పడమటి ఐరోపావే అనుకునేది. ఆ ఫంక్షను వాడిన ప్లగిన్ సెట్టింగుల పెట్టెలో "ఆబిడ్స్" అని తెలుగులో రాసి సేవ్ కొడితే, మళ్ళీ తెరిచేసరికి పెట్టెలో ఫ్రెంచి అక్షరాలూ డిగ్రీ గుర్తులూ. అది చూడకుండా ఇంకోసారి సేవ్ కొడితే చెత్త ఇంకా పెరుగుతుంది. యూటీఎఫ్-8లో మన అక్షరానికి మూడేసి బైట్లు కదా, ఒక్కోదాన్ని మూడు ముక్కలుగా చూస్తుంది. టపాలో ఇలా జరిగితే పాత ప్రతి తెచ్చుకోవచ్చు. సెట్టింగుకి ఏదీ పాత ప్రతి?

ఇహ అసలు చిత్రం 2008లో. మార్చిలో 2.5 వచ్చి మెనూలో ఆప్షన్స్ అన్న మాట తీసి సెట్టింగ్స్ అని పెట్టింది (మన తెలుగులో "అమరికలు" అంటున్నాం, వికీపీడియాలో అయితే "అభిరుచులు"! అది నాకు మహా ఇష్టం). జులైలో 2.6 టపాలకి పాత ప్రతులు దాచే సదుపాయం తెచ్చింది. డిసెంబరులో 2.7 సెట్టింగ్స్ ఏపీఐ ఇచ్చింది. దాంతో ప్లగినోడు ఫలానా సెట్టింగు ఉంది అని నమోదు చేసుకుంటే చాలు, టోకెను తనే అచ్చువేస్తుంది, వచ్చిన విలువని శుభ్రం చేసే ఫంక్షను పిలుస్తుంది, తనే దాస్తుంది. ఈనాటికీ ప్లగిన్ పేజీలు చాలామటుకు దీని మీదే నడుస్తున్నాయి. అయిదు నెలల తేడాలో, ఒకే గుంపు, ఒక చేత్తో టపాకి జ్ఞాపకశక్తి ఇచ్చి రెండో చేత్తో సెట్టింగులకి మంచి పేజీ కట్టింది. ఆ రెండూ కలపాలని తోచలేదు.

నాకు తోచిన కారణం ఒకటే. బ్లాగుకి సెట్టింగంటే పేజీకి ఎన్ని టపాలు, వ్యాఖ్యలు తెరవాలా మూయాలా, ఇంతే. నిన్న పేజీకి పది టపాలు ఉండేవా అయిదు ఉండేవా అన్నది ఎవడిక్కావాలి? 2011 సెప్టెంబరులో వూకామర్స్ వచ్చి అదే ఇంట్లో దుకాణం తెరిచాకే "నిన్న ఎంత" అన్న ప్రశ్న పుట్టింది.

దుకాణం అంటే ఆబిడ్స్‌కి రావాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన కొట్టు పేరే ఆ పేటకి పడింది. కొట్టు ఎప్పుడో పోయింది, పేరు ఉండిపోయింది. అన్నట్టు, ప్లగిన్ తీసేసినా దాని ఆప్షన్లు టేబుల్లో అలాగే పడి ఉంటాయి, ప్రతి పేజీకీ లోడవుతూ... ఆబిడ్స్ అచ్చంగా ఆ బాపతే :) అక్కణ్ణించి నాంపల్లి స్టేషను వైపు నడుచుకుంటూ పోతే గాంధీభవన్ ఎదురుగా వాణిజ్య పన్నుల శాఖ కాంప్లెక్సు. ఆబిడ్స్ కొట్లకి పన్ను సెట్టింగులు చాలాకాలం ఆ రోడ్డు మీంచే వచ్చాయి.

వచ్చినవి చూడండి. 1957 నాటి సాధారణ అమ్మకం పన్ను చట్టం. 2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్, 4 శాతం ఒక మెట్టు, 12.5 ఒక మెట్టు. 2010లో ఆ 12.5 కాస్తా 14.5 అయింది. 2011లో 4 కాస్తా 5 అయింది. 2014 జూన్ 2న రాష్ట్రమే మారింది, కొట్టు మాత్రం కదల్లేదు. 2017 జులై 1 నుంచి జీఎస్టీ. రెడీమేడ్ బట్టలకి వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 దాకా 5, దాటితే 18. ఈసారి శాతమే కాదు, గీత గీసిన చోటు కూడా మారింది.

వీటిల్లో ఒక్కటైనా తారీఖు లేకుండా వచ్చిందా? ప్రభుత్వ ఉత్తర్వు ఎంత గజిబిజిగా ఉన్నా "ఫలానా తేదీ నుంచి అమలు" అన్న ముక్క తప్పకుండా ఉంటుంది. పాత ఉత్తర్వు చెరిగిపోదు, దాని తేదీల మధ్య అది చెల్లుతూనే ఉంటుంది. సెప్టెంబరు 15న 1800 పెట్టి కొన్న చొక్కాని అక్టోబరులో వెనక్కిస్తే, పాత బిల్లులో పడిన 12 శాతం ప్రకారమే లెక్క తేల్చాలి, కొత్త 5 ప్రకారం కాదు. వూకామర్స్ ఆర్డరు పడ్డప్పుడు లెక్కగట్టిన పన్నుని ఆ ఆర్డరులోనే రాసిపెడుతుంది కాబట్టి సగం బతికాం. కానీ దాని పన్ను రేట్ల టేబుల్లో దేశం, రాష్ట్రం, పిన్‌కోడు, ఊరు అన్నీ ఉన్నా ఎప్పటినుంచి అన్నది లేదు. పైగా బిల్లు మళ్ళీ అచ్చువేసినప్పుడు ఇవాళ్టి సెట్టింగు చూసి ఎమ్మార్పీలోంచి పన్ను విడదీసే ప్లగిన్ గనక ఉంటే, సెప్టెంబరు 15 బిల్లు ఇంకో రకంగా వస్తుంది. ఆ కొట్టు వాళ్ళకి అంతకుముందు ఎవరో రాసిచ్చిపోయిన కోడు సరిగ్గా అదే చేస్తోంది. వెయ్యి అన్న అంకె అయితే కోడులోనే గట్టిగా దిగ్గొట్టి ఉంది, సెట్టింగు కూడా కాదు.

ఆ కొట్లో లెక్కలు రాసే పెద్దాయన నన్నడిగిన మొదటి ప్రశ్న, "పాత రేటు ఏడ పోయింది బాబూ?" అని. ఆయన గల్లాపెట్టె వెనక గోడకి ప్రతి రేటు మార్పునీ తేదీతో సహా కాగితమ్మీద రాసి అంటించారు, ఒకదాని కింద ఒకటి. డేటాబేసు డిజైను అంటే అదీ!

ఇంకో తంటా ముందు రోజులది. కౌన్సిలు నిర్ణయం చెప్పింది సెప్టెంబరు 3న, అమలు 22న. మధ్యలో పంతొమ్మిది రోజులు తెలుసు, కానీ సెట్టింగుల పేజీలో ముందుగా రాసిపెట్టే చోటు లేదు. 21 అర్ధరాత్రి ఎవరో మేలుకుని సేవ్ నొక్కాలి. టపాని మాత్రం వచ్చే నెలకి షెడ్యూలు చేసుకోవచ్చు, చూశారా.

ఇది సాధ్యంకాని పనేం కాదు, పక్కనే దారులున్నాయి. ద్రూపాల్ 8 (2015 నవంబరు) సెట్టింగులని ఫైళ్ళుగా ఎగుమతి చేసి గిట్‌లో పెట్టుకోనిస్తుంది. వర్డ్‌ప్రెస్‌లోనే కస్టమైజర్ అనే రూపురేఖల పేజీకి 2017 నవంబరులో 4.9తో మార్పుల్ని ముందు తేదీకి షెడ్యూలు చేసే వీలొచ్చింది. రంగులకి వచ్చింది, రేట్లకి రాలేదు!

అన్నిటికన్నా నాకు నచ్చింది టైమ్‌జోన్ కథ. 2009 జూన్‌లో 2.8 రాకముందు వర్డ్‌ప్రెస్‌కి మనం 5.5 అని ఒక అంకె ఇచ్చేవాళ్ళం. 2.8 నుంచి ఏషియా, కోల్‌కతా అని ఊరి పేరు ఎంచుకోవచ్చు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ ఆ పేరు వెనక ఉన్న టైమ్‌జోన్ డేటాబేసులో ప్రతి ఊరికీ తేదీలవారీగా చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో 1945 అక్టోబరు దాకా మన గడియారాలు గ్రీన్‌విచ్‌కి ఆరున్నర గంటలు ముందు నడిచిన సంగతి కూడా అందులో ఉంది. 5.5 అన్న అంకెకి ఇవాళ మాత్రమే తెలుసు, కోల్‌కతా అన్న పేరుకి అన్నీ తెలుసు.

అదే పద్ధతి ఈ ప్లగిన్‌లో పెట్టాను. విలువ ఒక్కటి కాదు, వరుసలు. ప్రతి వరుసకీ "ఎప్పటి నుంచి" అనే గడి, గీత ఎక్కడ, కింద ఎంత, పైన ఎంత. తేదీ దాటిపోయిన వరుసలు పేజీలో బూడిదరంగులో కనిపిస్తాయి, దిద్దడం కుదరదు. రాబోయే తేదీకి ఇవాళే వరుస చేర్చుకోవచ్చు. లెక్కగట్టే ఫంక్షను ఆర్డరు తేదీ తీసుకుని తగిన వరుస వెతుక్కుంటుంది. సేవ్ అయినప్పుడు వర్డ్‌ప్రెస్ పాత విలువా కొత్త విలువా రెండూ ఒక హుక్‌కి అందిస్తుంది, కాబట్టి ఎవరు మార్చారో రాసిపెట్టడం తేలికే. అసలు నొప్పంతా అర్ధరాత్రి దగ్గర. కొత్తగా పెట్టిన వర్డ్‌ప్రెస్ ఎవరూ మార్చకపోతే గ్రీన్‌విచ్ సమయంలో ఉంటుంది. ఆ సైటులో 22వ తేదీ మొదలయ్యేది మన తెల్లవారుజామున అయిదున్నరకి, ఈలోపు పడిన ఆర్డర్లన్నీ పాత రేటులోనే. అందుకని టైమ్‌జోన్ గ్రీన్‌విచ్‌లో ఉంటే పేజీ నెత్తిన ఎర్రటి హెచ్చరిక పెట్టాను.

కొట్టు చిరునామాకి కూడా ఇవే వరుసలు. పిన్‌కోడు 500001 అన్నిట్లోనూ ఒకటే. 2014 జూన్ 1 దాకా ఆంధ్రప్రదేశ్, పన్ను కోడు 28. మర్నాటి నుంచి తెలంగాణ, 36. (కొత్త ఆంధ్రప్రదేశ్‌కి 37 వచ్చింది, 28 ఎవరికీ కాకుండా పోయింది.) ఒక్క రెండక్షరాల కోడు దగ్గరే పేచీ. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2014లో తెలంగాణకి టీజీ ఇచ్చి, 2023 నవంబరులో దాన్ని టీఎస్ చేసింది. బళ్ళ మీద టీఎస్ వాడుతున్నారు కదా అనేమో. సుమారు నాలుగు నెలలకి, 2024 మార్చిలో, ఇక్కడ బళ్ళ మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆ గడిలో ఇప్పటికి మూడు వరుసలు పడ్డాయి. నాలుగోదానికి చోటు ఉంచాను.