బీఎస్సీ నర్సింగ్ తర్వాత: ఒక ప్రశ్నకు వ్యాఖ్యానం

మూలం: “పిల్లకి బీఎస్సీ నర్సింగ్ అయింది, రిజిస్ట్రేషన్ వచ్చింది. ఇప్పుడు ఎమ్మెస్సీ చేయించాలా, ఉద్యోగంలో చేర్చాలా?”

గుంటూరు దగ్గరి నల్లపాడులోనూ ఆ చుట్టుపక్కల పత్తి, మిర్చి ఊళ్ళలోనూ ఆడపిల్లను నర్సింగ్ చదివించిన ఇంట్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కాయ అమ్మితే వచ్చిన డబ్బులో అప్పులు పోను మిగిలిన దానితో ఫీజు కట్టిన ఇళ్ళు ఇవి. ఇంకో 2 ఏళ్ళ చదువంటే వాళ్ళకు చిన్న సంగతి కాదు.

బీఎస్సీ నర్సింగ్ అయింది: 4 ఏళ్ళ చదువు. మన దేశంలో ఇది 1946లో ఢిల్లీలో, వెల్లూరులో మొదలైంది. డిగ్రీ వల్ల రోగికి ఒరిగేదేమిటని అడిగేవాళ్ళకు 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించవచ్చు. 9 యూరప్ దేశాల ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన రోగులను పరిశీలించారు. డిగ్రీ నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం తక్కువగా ఉంది. ఒక్కో నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ ఆ అవకాశం 7 శాతం ఎక్కువైంది. రెండో మాట మనవాళ్ళు ఎత్తరు. వార్డులో చాలినంతమంది నర్సులు లేకపోతే చదువు ఒక్కటే ప్రాణం నిలపలేదు. పైగా ఆ అధ్యయనం లెక్క డిగ్రీ గురించే, పీజీ గురించి కాదు.

రిజిస్ట్రేషన్ వచ్చింది: రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కితే పూర్తి నర్సే. ఎయిమ్స్ నర్సుల పరీక్ష నార్‌సెట్ రాయడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. అమెరికా వెళ్ళేవాళ్ళు రాసే ఎన్‌క్లెక్స్‌కూ అక్కర్లేదు.

ఇప్పుడు: మూలంలో నన్ను ఆపే మాట ఇదే. ఎమ్మెస్సీలో చేరాలంటే బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది పని అనుభవం ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన పెట్టింది. ఆ ఏడాదిని వార్డులో గడపాలి, సర్టిఫికెట్‌గా సంపాదించుకోకూడదు. రేపు పిల్లలకు పాఠం చెప్పబోయే మనిషి నైట్ డ్యూటీ చేయకుండా పీజీ పూర్తిచేస్తే, నష్టపోయేది ఆమె శిష్యులు, వాళ్ళ చేతిలో పడే రోగులు.

ఎమ్మెస్సీ: మెడికల్ సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసిక వైద్యం, సామాజిక ఆరోగ్యం, వీటిలో ఒకటి ఎంచుకొని 2 ఏళ్ళు చదవాలి. మన దగ్గర ఇది ముఖ్యంగా కాలేజీలో అధ్యాపకురాలి కుర్చీకి దారి. పాఠం చెప్పడం ఇష్టమైతే తప్పక చదవాలి. కానీ రోగి దగ్గరే ఉంటానన్న అమ్మాయికి ఈ పట్టా వల్ల జీతం పెద్దగా పెరగదు. నాకు బాధ కలిగించేది ఇదే. బాగా చదువుకున్న నర్సు మంచం పక్కనుంచి లేచి బ్లాక్‌బోర్డు దగ్గరికి పోతేనే పైకి వచ్చినట్టు లెక్క కట్టే పద్ధతి మారాలి.

ఎమ్మెస్సీ ఒక్కటే దారి కాదు. ఎమర్జెన్సీ, క్యాన్సర్, క్రిటికల్ కేర్ లాంటి వాటిలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి. ఐసీయూలో పని చేస్తూనే చదివే 2 ఏళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సూ ఉంది. పల్లెలో విలేజ్ క్లినిక్ నడిపే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఉద్యోగానికి బీఎస్సీయే పునాది.

ఉద్యోగంలో చేర్చాలా: చేర్చాలి. ఎందుకో ఈ నేల మీది ఉదాహరణే చెబుతాను. పత్తికీ మిర్చికీ మందు కొట్టే ప్రాంతం ఇది. పురుగుమందు ఒంట్లోకి పోయిన మనిషి క్యాజువాలిటీకి వస్తాడు. అది ఆర్గానోఫాస్ఫేట్ రకం అయితే నోట నురగ, గుండెల్లో గురగుర, సూదిమొనంత కంటిపాపలు. విరుగుడుగా అట్రోపిన్ డోసు పెంచుకుంటూ పోతారు. ఊపిరితిత్తులు తేటపడ్డాయా, నాడి 80 దాటిందా అని క్షణక్షణం చూసేది నర్సే. అట్రోపిన్ ఎక్కువైతే జ్వరం, సంధి మాటలు, మూత్రం బిగుసుకోవడం మొదలవుతాయి. గండం గడిచిందని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక, 1 నుంచి 4 రోజుల మధ్య మెడ కండరాలు చచ్చుబడి శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. “పెద్దాయనా, ఒకసారి తల ఎత్తు” అని నర్సు అడిగినప్పుడు అతను దిండు మీంచి తల ఎత్తలేకపోతే, ఆమె వెంటనే డాక్టరును పిలవాలి, వెంటిలేటర్ సిద్ధం చేయించాలి.

ఈ లక్షణాలు పుస్తకంలో ఉన్నాయి. చదివింది రాత్రి 2 గంటలకు వార్డులో గుర్తుకు రావాలంటే అలాంటి రోగులను చూసి ఉండాలి. అలా ఏడాదో రెండేళ్ళో పనిచేస్తే, ఏ జబ్బు దగ్గర తన చదువు చాలడం లేదో అమ్మాయికే తెలుస్తుంది. ఐసీయూ అంటే క్రిటికల్ కేర్, కాన్పుల గది అంటే ప్రసూతి, కొత్త పిల్లలకు నేర్పడం మీద మనసు పోతే ఎమ్మెస్సీ. అప్పుడు కాలేజీ ఎంచుకునేటప్పుడు దానికి సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా రోగులున్నారా అన్నది ఫీజు కంటే ముందు, స్వయంగా వెళ్ళి చూసి రావాలి.