కల్లు మండువకు గోడల్లేవెందుకు

ఇంగ్లండు పల్లెల్లో పాత పబ్బు చూడగానే ఇల్లులా ఉంటుంది. చాలాచోట్ల అది ఇల్లే. బీరు కాచుకునే కుటుంబాలే ముందుగదిలో అమ్మేవి. 1830 చట్టంతో పన్ను కట్టే గృహస్థు ఎవరైనా రెండు గినీల లైసెన్సు తీసుకుని ఆ పని చేయగలిగాడు. వరంగల్ పల్లెల్లో దానికి సాటి కల్లు మండువ. దానికి నాలుగు గుంజలు, పైన తాటికమ్మలు. ఒక్కోచోట అవీ ఉండవు. దీన్ని లేమి కింద జమకట్టేస్తే అసలు సంగతి జారిపోతుంది. బీరు పీపాలో నిలవుంటుంది. కల్లు లొట్టిలో పడుతూనే పులియడం మొదలుపెడుతుంది. పొద్దున దించింది సాయంత్రానికి ఘాటెక్కి మర్నాటికి పుల్లబడుతుంది. అందుకని తాగేవాడే చెట్టు దగ్గరికి నడవాలి. ఆ చెట్టయినా ఏడాదంతా ఒకటే కాదు: చలికాలం ఈత, ఎండాకాలం తాడు, తాళ్లలోనూ పోతుతాడు పారే రోజులు వేరు, పండుతాడు పారే రోజులు వేరు. ఏ వనం పారితే మండువ ఆ దిక్కుకు జరుగుతుంది. గ్లాసూ చెట్టుదే. తాటాకును దొన్నెలా మడిచిన రేకను రెండు చేతులా పట్టి, నోటికి ఆనించి గొంతుక్కూర్చుంటే, గౌండ్లాయన లొట్టి వంచి పోస్తాడు. తాగాక రేక అక్కడే పడేస్తారు. కడిగే పాత్రా దాచే సరుకూ లేనిచోట గది దేనికి?

గీతవృత్తివాళ్లకు కట్టే స్తోమత లేకపోయిందేమో అనవచ్చు. ఆ వృత్తి కుటుంబం నుంచి వచ్చిన సర్వాయి పాపన్న ఖిలాషాపూర్‌లో కోట కట్టాడు, 1708లో ఓరుగల్లునే కొల్లగొట్టాడు. ఒక్కడి కథతో కులమంతటి స్తోమత తేలదు, నిజమే. అయితే ఓరుగల్లుకు డబ్బిచ్చి కూర్చునే ఇల్లు తెలియనిదేం కాదు. కాకతీయుల నాటి ఆ ఊరిని వర్ణించే పాత కావ్యం క్రీడాభిరామంలో రూకకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లుంది. వంటకు పొయ్యి, పొయ్యికి కప్పు తప్పవు. కల్లుకు ఆ రెండూ అక్కర్లేదు.

మరి హైదరాబాదు కల్లు కాంపౌండ్లకు గోడలున్నాయి కదా? ఉన్నాయి. నగరంలో కల్లు బండెక్కి వస్తుంది, ఒకచోట దిగాలి, ఆబ్కారీకి లెక్క తేలాలి. ఆ గోడ వల్ల తాగేవాడికంటే లెక్క రాసేవాడికే లాభమని నా అభిప్రాయం. 2004లో ఆ కాంపౌండ్లు మూతపడి, 2014లో తెలంగాణ వచ్చాక మళ్లీ తెరుచుకున్నాయి. పల్లె మండువకు తాళం వేద్దామంటే తలుపే లేదు. అందుకే అక్కడ సర్కారు చెట్లను లెక్కపెట్టింది. తాటికీ ఈతకూ నంబర్లు వేసి చెట్టుపన్ను వసూలు చేసింది.