లోపలే వదిలేసిన తూటా

తుపాకీ దెబ్బ తిన్న మనిషిని తెచ్చినప్పుడల్లా థియేటర్ బయట జనం నన్ను అడిగిన మొదటి మాట ఒకటే: "తూట తీసిండ్రా సారూ?" వరంగల్‌లో సర్జన్‌గా ఉన్నన్నాళ్లూ విన్నాను. సినిమాల పుణ్యం కొంత. పళ్లెంలో తూటా ఠంగుమంటే హీరో బతికినట్టే. ముఖానికో మెడకో తగిలితే మేం మొదట చూసేది ఊపిరి. తూటా సంగతి ఆ తర్వాతెప్పుడో.

దవడ పగిలినవాణ్ని వెల్లకిలా పడుకోబెడితే పట్టు తప్పిన నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది, నెత్తురు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అట్లా పడుకోబెట్టి మోసుకొచ్చిన సిపాయిలు దారిలోనే ఊపిరాడక పోయారు. ముందుకు వంచి కూర్చోబెడితే గొంతు తెరుచుకునేది. హెరాల్డ్ గిల్లీస్ 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో, చర్మాన్ని గొట్టంలా చుట్టి, నెత్తురు దారి తెగకుండా ముఖానికి కుట్టి, పోయిన ముక్కులూ దవడలూ తిరిగి నిలబెట్టాడు. ఒక్కో ముఖానికి నెలలూ ఏళ్లూ పట్టేది. ఆయన బల్ల దాకా ప్రాణంతో చేర్చినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పుకోరు.

మెడ మరీ ఇరుకు. శ్వాసనాళం, అన్నవాహిక, మెదడుకు నెత్తురు తీసుకుపోయే ధమనులు, వెనక ఏడు పూసలు, వాటి నడుమ వెన్నుపాము. అందులోంచి వచ్చే మూడు, నాలుగు, ఐదో నంబరు నరాలే ఊపిరి తీయించే డయాఫ్రమ్‌ను ఆడిస్తాయి. అంతకు పైన వెన్నుపాము తెగితే మనిషి తనంతట ఊపిరి తీసుకోలేడు. చర్మం కింది పల్చటి కండర పొర దాటిన ప్రతి మెడగాయాన్నీ కోసి చూడాల్సిందేనని రెండో ప్రపంచ యుద్ధం నేర్పింది. మా చదువూ అదే. కోయకుండానే నెత్తురు గొట్టాలను చూపే సీటీ యాంజియో వచ్చాక ఆ పట్టుదల సడలింది. నెత్తురు ఎగజిమ్ముతున్నా, గాయంలోంచి గాలి బుడగలొస్తున్నా మాత్రం ఈ రోజుకీ నేరుగా థియేటర్‌కే.

పూసలో దిగిన తూటా చెయ్యాల్సిన చెరుపు వెళ్లేటప్పుడే చేసేస్తుంది. తీసినంత మాత్రాన పడిపోయిన కాళ్లు లేవవు. పక్షవాతం గంటగంటకూ పెరుగుతుంటేనో, వెన్నునీరు ఆగకుండా కారుతుంటేనో, డిస్కులో కూర్చున్న సీసం ఒంట్లోకి కరుగుతుంటేనో దాని జోలికి పోవాలి. ఈ నిగ్రహం వైద్యులకు ఊరికే రాలేదు. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ నడుం పూసలోంచి తూటా దూసుకుపోతే, పెద్ద పెద్ద డాక్టర్లు కడగని వేళ్లు పెట్టి కెలికారు. టెలిఫోన్ కనిపెట్టిన బెల్ లోహాన్ని పసిగట్టే యంత్రం తెచ్చి వెతికాడు, దొరకలేదు. ఒళ్లంతా చీము పట్టి సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ పోయాడు. కోసి చూస్తే తూటా చుట్టూ శరీరం తానే పొర కట్టుకుంది! తూటా ఎక్కడుందో చూపే ఎక్స్‌రేను రాంట్‌జెన్ కనిపెట్టింది ఆ తర్వాతే, 1895లో.

మన ప్రజాగాయకుడు గద్దర్‌నే చూడండి. 1990 మేలో వరంగల్ రైతుకూలీ సంఘం సభలో ఆయన పాట విన్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఎందరో ఉన్నారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలో ఇంటి దగ్గరే ఆయన్ను కాల్చారు. మిగతా తూటాలు తీసి, వెన్నుపూస దగ్గర ఒకదాన్ని డాక్టర్లు ముట్టలేదు. 2023 ఆగస్టు 6న కన్నుమూసేదాకా, 26 ఏళ్లు, దాంతోనే ఆడాడు, పాడాడు. నా లెక్కన అది గొప్ప సర్జరీ.

ఈ ప్రాంతం తుపాకీని చాలా రకాలుగా చూసింది. మూతిలోంచి మందు కూరే భర్మారు దెబ్బ ఎక్స్‌రేలో ఆవాలు చల్లినట్టుంటుంది; ఛర్రాలతో పాటు గుడ్డపీలికలూ మసీ లోపలికి పోతాయి, చీము ఖాయం. త్రీనాట్‌త్రీ తూటా సన్నగా దూరి దవడను పిండి చేస్తుంది. 1946 జూలై 4న కడవెండిలో, దొరల మీది రైతు పోరాటంలో, దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎత్తిన జనం మీద కాల్పులు జరిగాయి. అప్పటికి ఇక్కడ మెడికల్ కాలేజీ లేదు, కాకతీయ కాలేజీ 1959లో వచ్చింది. 1985 సెప్టెంబర్ 3న పౌరహక్కుల నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆ వార్త విన్నాక ఇక్కడి డాక్టర్లెవరికీ స్టెతస్కోపు మునుపటిలా లేదు.

అమరుల స్థూపాల మీద చెక్కింది చనిపోయినవాళ్ల పేర్లు. దవడ కట్టించుకుని, గొంతులో గొట్టంతో నెలల తరబడి గంజి తాగి బతికినవాళ్ల కథ రాయాల్సి ఉంది. వాళ్లను బతికించిన రాత్రుల్లో డ్యూటీ చేసిన సిస్టర్లూ, కాంపౌండర్లూ, థియేటర్ బాయ్‌లూ ఇప్పుడు డెబ్బై దాటారు. మీ ఇంట్లో అట్లాంటివారుంటే, పేషెంట్ల పేర్లు వద్దు, వాళ్లు చేసిన పని చెప్పించి ఈ ఏడే రాసిపెట్టండి.